సైకాలజీ చదివినవాళ్లకు డిజైన్ వైపు దారి ఉందా?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది తిరుపతి. ఎం.ఏ. సైకాలజీ రెండో ఏడాది చదువుతున్నా. క్లాసులో అందరూ కౌన్సెలింగ్ అంటున్నారు, నాకు మాత్రం హ్యూమన్ ఫ్యాక్టర్స్ (మనిషి తీరుకు తగ్గట్టు యంత్రాలను, వస్తువులను డిజైన్ చేసే చదువు) మీద మనసు పడింది.

దీనికి కారణం అమెరికా సైకాలజిస్టు ఆల్ఫోన్స్ చపానిస్. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 విమానం దిగాక పైలట్లు ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) ముడవబోయి చక్రాలు ముడిచేసేవాళ్లట. రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉండటమే కారణమని ఆయన పట్టుకున్నాడు. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ మీటకు చీలలాంటి ముక్క తగిలించాడు. చూడకపోయినా చేతికే తేడా తెలుస్తుంది. పైలట్‌ను తిట్టకుండా మీటను మార్చడం నాకు భలే నచ్చింది. (మా హాల్లో ఫ్యాన్ స్విచ్ ఏదో మా నాయనకు ఇప్పటికీ మొదటిసారి దొరకదు.)

నాయన తిరుమల ఘాట్‌లో బస్సు నడుపుతాడు. నా ప్రాజెక్టు కూడా ఘాట్ డ్రైవర్ల ఏకాగ్రత మీదే. కంటితో చేసే రెండు పనులు ఒకదానికొకటి అడ్డం పడినంతగా, కంటి పని, చెవి పని అడ్డం పడవని సైకాలజిస్టు క్రిస్టోఫర్ వికెన్స్ అంటాడు. మరి మలుపులో సెల్లు మోగితే? "చేతులు ఖాళీగా ఉంటే చాలదు పాపా, బుర్ర ఖాళీగా ఉండాల" అంటాడు నాయన.

నడిచే బస్సులో పరీక్ష పెట్టలేను కదా. ల్యాప్‌టాప్‌లో ఘాట్ వీడియో చూపించి చేస్తే చెల్లుతుందా? సీడ్ (డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష, CEED) రాసి ఐఐటీల్లో డిజైన్‌లో చేరిన సైకాలజీ వాళ్లు ఎవరైనా ఉన్నారా? బొమ్మలు గీయడం నాకు సున్నా, అదే టెన్షన్.