మొదటి కెర్నెల్ ప్యాచ్: చిన్న మార్పుకు ఇన్ని పట్టింపులా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. లైనక్స్ కెర్నెల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం), ఇంకా మెరుగుపడాల్సిన డ్రైవర్లను ఉంచే స్టేజింగ్ డైరెక్టరీలోని ఒక వైఫై డ్రైవర్ మీద, కోడ్ శైలిలో తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ నడిపాను. అది చూపిన అదనపు ఖాళీలను, పొడవైన వరుసలను సరిచేసి, కాసేపు ఆగడానికి వాడే యూడిలే ఫంక్షన్ స్థానంలో యూస్లీప్_రేంజ్ పెట్టి, అన్నింటినీ ఒకే ప్యాచ్‌గా (కోడ్‌లో చేసిన మార్పులను చూపే పాఠం) బ్రౌజర్‌లోని మెయిల్ పేజీలో అతికించి కెర్నెల్ నిర్వాహకులకు పంపాను. కోడ్‌కు అప్లై కావడం లేదని, విడదీసి పంపమని రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. ఇంత చిన్న పనికి ఇన్ని పట్టింపులు అవసరమా?

జవాబు 1:
మీ దగ్గర సరిగ్గానే ఉన్న ప్యాచ్ దారిలో చెడిపోయి ఉంటుందండీ. కెర్నెల్‌లో ఇండెంట్ అంటే 8 అక్షరాల వెడల్పున్న ట్యాబ్. బ్రౌజర్ మెయిల్ పేజీలు తరచూ దాన్ని ఖాళీలుగా మార్చేసి, పొడవైన వరుసలను మధ్యలో విరిచేస్తాయి. ఆ తేడా మన కంటికి ఆనదు గానీ, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌కు ఆనుతుంది. ప్యాచ్‌ను మెయిల్‌గా పంపే గిట్ సెండ్-ఈమెయిల్ ఆదేశంతో ముందు మీకు మీరే పంపుకొని, వచ్చిన ఉత్తరాన్ని గిట్ ఏఎమ్‌తో అప్లై చేసి చూడండి. కోరమంగల పీజీలో ఉన్న రోజుల్లో ఈ ఒక్క పరీక్ష చేయక నేను మూడుసార్లు భంగపడ్డాను.

జవాబు 2:
అసలు చిక్కు యూడిలే దగ్గర ఉంది. అది ప్రాసెసర్‌ను ఊరికే తిప్పుతూ కాలం గడుపుతుంది, యూస్లీప్_రేంజ్ నిద్రపోతుంది. స్పిన్‌లాక్ (మిగతావారు నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే తాళం) పట్టుకున్నచోట, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో (హార్డ్‌వేర్ సంకేతానికి వెంటనే స్పందించే కోడ్) నిద్రపోకూడదు. ఆ ఫంక్షన్‌ను ఎవరు ఏ స్థితిలో పిలుస్తున్నారో చూడకుండా, పరీక్షించడానికి ఆ చిప్ చేతిలో లేకుండా ఈ మార్పు జోలికి వెళ్లకండి. ఖాళీల ప్యాచ్‌ను అర నిమిషంలో చదివేయవచ్చు. అందులో ఇలాంటిది ఒక్కటి దాగి ఉంటే ప్రతి వరుసనూ అనుమానించాలి. విడదీయమన్నది అందుకే. వరుస పొడవు విషయానికొస్తే, 2020లో చెక్‌ప్యాచ్ పరిమితిని 80 నుంచి 100కు పెంచారు. చదవడానికి బాగున్న వరుసను లెక్క కోసం విరవడం నా దృష్టిలో చాదస్తం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. యూడిలే మార్పును తీసేశాను. రెండోసారి పంపేటప్పుడు ఏమేం మార్చానో ఎక్కడ రాయాలి?

జవాబు 2:
సైన్డ్-ఆఫ్-బై (ప్యాచ్ పంపినవారి సంతకం లాంటి వరుస) తర్వాత వచ్చే మూడు గీతల కింద రాయండి. అది సమీక్షించేవారికి కనిపిస్తుంది గానీ గిట్ చరిత్రలో చేరదు. ప్యాచ్ ఫైల్‌ను తయారుచేసే గిట్ ఫార్మాట్-ప్యాచ్‌కు -వీ2 అని ఇస్తే శీర్షిక దానంతటదే మారుతుంది. రెండు వారాల మెర్జ్ విండో (కొత్త మార్పులను ప్రధాన కెర్నెల్‌లో కలిపే సమయం) నడుస్తుంటే జవాబు ఆలస్యం కావచ్చు; కంగారుపడి మర్నాడే మళ్లీ పంపకండి.