మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టడం సరైనదేనా? (కర్నూలు, తొమ్మిదో తరగతి)

బుధవారపేట నాన్న:
మా అమ్మాయి కర్నూల్లో ఒక పెద్ద ప్రభుత్వ హైస్కూల్లో చదువుతోంది. బడి పేరు అడగొద్దు. వెయ్యి మందికి పైగా పిల్లలు. ఎనిమిదో తరగతి దాకా సెక్షన్లలో అందరూ కలిసి ఉండేవాళ్లు. ఈ ఏడాది పోయినేటి మార్కులు చూసి ఏ, బి, సి, డి అని విడగొట్టారు. మా పాప ఏ లో పడింది. ఇంట్లో అందరికీ సంతోషం, పాపకు తప్ప. ఆరో తరగతి నుంచీ పక్కన కూర్చునే ఇద్దరూ డి కి పోయారట. ఒకమ్మాయి ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, ఇంకో అమ్మాయి హాస్టల్ నుంచి వస్తుంది. రోజూ బడి నుంచి వచ్చి గంటసేపు వాగేది, ఇప్పుడు బ్యాగు పడేసి పడుకుంటోంది. వచ్చే వారం పేరెంట్స్ కమిటీ మీటింగ్ ఉంది, నేనూ మెంబర్నే. ఒప్పుకోవాలా, అడ్డం చెప్పాలా?

లెక్కల సారు:
అన్నా, నేనూ ప్రభుత్వ బడిలోనే లెక్కలు చెప్తాను, ఆదోని వైపు. కొంచెం కటువుగా ఉన్నా ఉన్నమాటే చెప్తాను. ఒకే గదిలో యాభై మందికి పైగా ఉంటారు. ముందు బెంచీలో ఇద్దరు బహుపదులు పూర్తి చేసేసి తర్వాత ఏంటి సార్ అంటారు. వెనక పది మందికి 402 లోంచి 178 తీసేయమంటే మధ్యలో సున్నా చూసి ఆగిపోతారు. మా దగ్గర చాలా ఇళ్లవాళ్లు పత్తి, మిరప పనులకు గుంటూరు వైపు వలస పోతారు, పిల్లలను కూడా తీసుకెళ్తారు. నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లాడికి నేను ఏ పేజీ నుంచి చెప్పాలి? విడిగా కూర్చోబెడితే కనీసం తీసివేత దగ్గర మొదలుపెట్టొచ్చు. ఇది నా సొంత కవిత్వం కాదు. 2019లో ఎకనామిక్స్ నోబెల్ తీసుకున్న ఎస్తేర్ డుఫ్లో, ఆమెతో ఇంకో ఇద్దరు కలిసి కెన్యాలో నూట ఇరవై దాకా బడుల్లో దీన్ని పరీక్షించి చూశారు. విడగొట్టిన చోట పై గుంపూ మెరుగైంది, కింది గుంపూ మెరుగైంది.

ఇడుపులపాయ బ్యాచ్:
నేను ఏ సెక్షన్ వాణ్ణి, కాబట్టి నా మాట కాస్త తగ్గించి వినండి. మా నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. మా టైంలో పదో తరగతి గ్రేడుతోనే ట్రిపుల్ ఐటీ సీటు, ప్రభుత్వ బడి పిల్లలకు అదనంగా 0.4 పాయింట్లు కలిపేవాళ్లు. మా హెచ్.ఎం. సారు ఆ సీట్ల మీదే కన్నేసి ఇరవై మందిని పక్కకు తీశారు. సాయంత్రం చీకటి పడేదాకా స్టడీ అవర్, మధ్యలో ఆయన సొంత డబ్బుతో ఉగ్గాని బజ్జీ. ఆ సెక్షన్ లేకుంటే నేను కూడా యార్డులోనే ఉండేవాణ్ణి. మిగతా వాళ్లు ఏమయ్యారని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు, అప్పుడు ఆలోచించనే లేదు.

పాత డి సెక్షన్:
ఆ మిగతా వాళ్లలో నేనొకదాన్ని. మీ బడి వేరే కావచ్చు, కథ ఇదే. మా గది సైకిల్ షెడ్డు పక్కన. దసరా సెలవుల దాకా లెక్కలకు ఎవరూ రాలేదు. డ్రిల్ సారు వచ్చి కర్ర బల్ల మీద పెట్టి, అల్లరి చేయొద్దని చెప్పి పేపర్ తీసేవారు. సుద్దముక్క కోసం ఏ సెక్షన్‌కు వెళ్లి తలుపు దగ్గర నిలబడితే "డి వచ్చింది సార్" అనేవాళ్లు. నాకు పేరు ఉంది కదా.

ఎనిమిదిలో ఇలా లేదు. మాది ఉర్దూ మాట్లాడే ఇల్లు. హిందీ అక్షరాలు నాకూ కష్టమే కానీ మాట తెలుసు, పక్క బెంచీ అమ్మాయికి పాఠం అర్థం విడమర్చి చెప్పేదాన్ని. బదులుగా ఆమె నాకు సవర్ణదీర్ఘ సంధి, గుణ సంధి నోటికి వచ్చేదాకా చెప్పించేది. అప్పట్లో హిందీలో 20 వస్తే పాసు, తెలుగులో 35 రావాలి, అంటే ఆ బేరంలో లాభం నాదే. డి లో కూర్చున్నవాళ్లమంతా దాదాపు ఉర్దూ ఇళ్లవాళ్లం, హాస్టల్ వాళ్లం. సంధి చెప్పేవాళ్లు ఎవరు? పదిలో తెలుగుకు 31 వచ్చింది. సప్లిమెంటరీలో గట్టెక్కాను.

లెక్కల సారు:
అమ్మా, అది సెక్షన్ తప్పు కాదు, టీచర్ను పంపకపోవడం తప్పు.

నంద్యాల చెక్‌పోస్ట్:
సార్, ఆ రెండూ మన దగ్గర ఎప్పుడైనా విడివిడిగా వచ్చాయా? కెన్యా సంగతి కూడా మీరు సగమే చెప్పారు. అక్కడ పిల్లలు ఒకటో తరగతి వాళ్లు. ప్రతి బడికీ అదనంగా ఒక టీచర్ను ఇచ్చారు. ఎవరు ఏ గుంపుకు చెప్పాలో లాటరీ తీసి తేల్చారు. మన బళ్లలో లాటరీ వేస్తారా? సీనియర్ సారు ఏ కి, ఎవరు మిగిలితే వాళ్లు డి కి. తీసివేత రాని పిల్లాడికి అసలు కావాల్సింది బాగా చెప్పే మీలాంటి వాళ్లు, మిమ్మల్నేమో బహుపదులు వచ్చినోళ్ల దగ్గరికి పంపుతారు.

పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ సంస్థ వాళ్లు కూడా పిల్లలకు ఎంత వచ్చో చూసే గుంపులు చేస్తారు. కాకపోతే రోజులో కొంతసేపే, చదవడానికీ లెక్కలకూ మాత్రమే, అది కూడా చిన్న తరగతుల్లో. అది అయ్యాక ఎవరి క్లాసుకు వాళ్లు పోతారు. పొద్దున ప్రార్థన నుంచి ఇంటి గంట దాకా విడగొట్టడం వేరు.

విసిగిన మనిషి:
ప్రైవేటులో వేసేయండన్నా, ఈ గొడవే ఉండదు.

ఇడుపులపాయ బ్యాచ్:
భలేవారే. మా అక్క కొడుకు ప్రైవేటులోనే ఉన్నాడు, నెల నెలా టెస్టు పెట్టి సెక్షన్ మారుస్తారు. పిల్లాడికి ఒకటో తేదీ వస్తుందంటేనే టెన్షన్.

బుధవారపేట నాన్న:
అందరికీ థాంక్స్. ఈ రోజు మధ్యాహ్నం బడికి వెళ్లి నోటీసు బోర్డు మీద టైంటేబుల్ ఫోటో తీసుకున్నా. ఏ సెక్షన్ వరుసలో ప్రతి గడిలోనూ టీచర్ పేరు ఇంకుతో ఉంది. డి వరుసలో లెక్కల గడిలో పెన్సిల్‌తో "సర్దుబాటు" అని రాసుంది. పాత డి సెక్షన్ అక్క చెప్పింది నాకు అప్పుడు అర్థమైంది. మీటింగులో రెండు అడుగుతా. అందరినీ మళ్లీ కలపాలి. లెక్కల పీరియడ్ ఒక్కదానికే వచ్చినదాన్ని బట్టి గుంపులు చేసుకోవాలి.

పాత డి సెక్షన్:
సీనియర్ సారు ఏ గుంపుకు పోతారో కూడా అడగండి అన్నా. అదొక్కటీ వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

లెక్కల సారు:
పెన్సిల్‌తో రాశారంటే జనవరి దాకా ఎవరూ రారు, గట్టిగా అడగండి. లెక్కలకు మాత్రమే గుంపులంటే నాకూ సమ్మతమే. కాకపోతే నాలుగు సెక్షన్లకూ లెక్కల పీరియడ్ ఒకే టైంలో పడాలి, అప్పుడే పిల్లలను అటూ ఇటూ మార్చొచ్చు. దానికి నలుగురు లెక్కల టీచర్లు కావాలి. మీ బడిలో ఎంతమంది ఉన్నారు?

బుధవారపేట నాన్న:
ఇద్దరు.