కచేరీ వీడియోలో పగిలిన శబ్దాన్ని బాగుచేయవచ్చా?

మాది నల్లగొండ. 'మూన్ మ్యూజిక్' ఆల్బమ్ పాటలను నేరుగా వినాలని 2025 జనవరి 26న అహ్మదాబాద్‌లో జరిగిన కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ రాక్ బృందం కచేరీకి వెళ్ళి, ఫోన్‌లో 6 వీడియోలు తీసుకున్నాను. పియానో ఒక్కటే మోగుతున్నంతసేపూ శబ్దం స్పష్టంగానే ఉంటుంది. డ్రమ్స్, బేస్ అందుకోగానే చిరిగిన స్పీకరులో విన్నట్లు బరబరమంటుంది. మా ఊళ్ళో బోనాల నాడు డప్పుల పక్కనే నిలబడి తీసినప్పుడు కూడా ఇదే ఫోన్ ఇలా చేయలేదు. శబ్దాన్ని సవరించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో తెరిచి చూస్తే, ఆ చోట్ల తరంగాల కొసలు కత్తెర పెట్టినట్లు చదునుగా తెగి ఉన్నాయి. స్థాయిని 6 డెసిబెల్స్ తగ్గిస్తే బరబర చిన్నదయిందే తప్ప పోలేదు. అసలు ఫైలుపై, తెగిన కొసలను పూరించడానికి అందులో ఉండే 'క్లిప్ ఫిక్స్'ను 95 శాతం వద్ద ప్రయోగిస్తే బేస్ కొంత మెత్తబడింది గానీ, గాయకుడి గొంతు ఇంకా పగిలే వినిపిస్తోంది. కనీసం ఆ గొంతునైనా వినదగినట్లు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ గానీ, ఆడాసిటీలోనే వేరే అమరిక గానీ ఏదైనా ఉందా?