మగ్గిందా, ఉడికిందా? ఒక స్లో కుక్కర్ తగువు

మా అక్కది బొబ్బిలి. కూతురి పురిటికని అమెరికా వెళ్ళి నాలుగు నెలలుగా అక్కడే ఉంది. మేనకోడలు మళ్ళీ ఉద్యోగంలో చేరింది. పొద్దున్నే స్లో కుక్కర్‌లో (కరెంటు మీద సన్నసెగతో గంటల తరబడి వండే మూతకుండ) బీఫ్, కూరగాయలు వేసేస్తే సాయంత్రానికి ఇంటిల్లిపాదికీ కూర తయారు. "మావయ్యా, అమ్మకి తెలుగులో రాసి పంపవా, ఫ్రిజ్‌కి అంటిస్తాను" అంది. రాసి పంపాను: "కిలో పెద్దమాంసం, బంగాళాదుంపలు, క్యారెట్, ఉల్లిపాయలు, ఒక చిన్న కప్పు నీళ్ళు. ‘లో’ (సన్నసెగ) మీద 8 గంటలు ఉడికించాలి."

ఆ చివరి మాటే కొంప ముంచింది.

అక్క దృష్టిలో ఉడకడం అంటే కుతకుతలాడాలి. రెండు గంటలైనా చప్పుడు లేదు. "ఒక్క బుడగా రాదేట్రా, ఇది పొయ్యా పెట్టా?" అని నాకు ఫోను. అరగంటకోసారి మూత తీసి చూసిందట. తీసినప్పుడల్లా లోపలి ఆవిరి పోతుంది, మళ్ళీ వేడెక్కడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఆవిరి పోయి కూర అడుగంటుతుందేమోనని రెండు గ్లాసుల నీళ్ళు కూడా పోసింది. సాయంత్రానికి దుంపలు గట్టిగా, మాంసం రబ్బరులా, చుట్టూ చారులాంటి నీళ్ళు. తప్పు అక్కది కాదు, నా క్రియాపదానిది.

మళ్ళీ రాశాను. ఈసారి "మూత తీయకుండా మగ్గబెట్టాలి" అన్నాను. అక్కకి ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. మగ్గబెట్టేటప్పుడు చప్పుడుండదని, ఊరికే మూత తీయకూడదని, కూరలోని నీరే చాలావరకు సరిపోతుందని ఆవిడకి చిన్నప్పట్నుంచీ తెలుసు. వంకాయనీ అలాగే మగ్గిస్తుంది, గడ్డిలో మామిడికాయల్నీ అలాగే. మా విజయనగరం వైపు సువర్ణరేఖ కాయలు దించాక ఎండుగడ్డిలో కప్పి పెట్టి, రోజూ కెలకొద్దని పిల్లల్ని కసురుతారు. కాయ మగ్గాలి, కూర మగ్గాలి, ఖైదీ జైల్లో మగ్గాలి. మూడింటికీ మూత, లోపలి ఉక్క, బోలెడు సమయం. (మూడోవాడు మాత్రం తియ్యగా అవడు.)

ఈ మాంసానికి సరిగ్గా అదే కావాలి. జబ్బ దగ్గరి ముక్కల్లో నరం, పీచు ఎక్కువ. గబగబా మరిగిస్తే బిగుసుకుంటాయి. సన్నసెగ మీద గంటల తరబడి ఉంచితే ఆ పీచులోని కొలాజెన్ కరిగి జిగురవుతుంది, ముక్క చేత్తో విడిపోతుంది. ఇంకో చిత్రం, ఈ కుక్కర్‌లో మాంసం కంటే దుంపలే ఆలస్యం. అందుకని దుంపలు అడుగున, మాంసం పైన. మాంసాన్ని ముందు బాణలిలో ఎర్రగా వేపుకుంటే రుచి. పచ్చిబఠాణీలైతే చివరి అరగంటలో.

నా ప్రశ్న: స్లో కుక్కర్ వంటకి ‘మగ్గబెట్టడం’ ఖాయం చేసుకుందామా?

రాజాం నుంచి ఒకరు: నీళ్ళు పోశాక మగ్గడం ఎలా అవుతుందండీ? గంజి వార్చి మూతపెట్టిన అన్నంలాగా ‘ఉమ్మగిల్లడం’ అనండి.

నేను: ఉమ్మగిల్లడం వంట చివర్లో కాసేపే కదండీ. ఎనిమిది గంటలు ఉమ్మగిల్లితే అన్నం గతి ఏమిటి?

నరసన్నపేట నుంచి ఒకావిడ: మా నాయనమ్మకి స్లో కుక్కర్ ఉండేది. దాలి! గుంటలో పిడకలు రాజేసి, పాలకుండ పెడితే సాయంత్రానికి మీగడ ఎర్రగా మందంగా కట్టేది. ‘దాలికుండ’ అని పిలుద్దాం.

నేను: పేరు నాకు నచ్చింది. ఆ యంత్రం పుట్టుక కూడా అలాంటిదే. 1940లో దానికి పేటెంటు పొందిన ఇర్వింగ్ నాక్సన్‌కి వాళ్ళమ్మ చెప్పిన కథే ఆధారమట. లిథువేనియాలో వాళ్ళ ఊళ్ళో కూరకుండని బేకరీ పొయ్యిలో రాత్రంతా వదిలేసేవారట. కానీ పాలు కాగుతాయి, మగ్గవు. పరికరానికి దాలికుండ, పనికి మగ్గబెట్టడం. సరేనా?

పాలకొండ నుంచి ఒకరు: బీఫ్‌కి ‘గొడ్డుమాంసం’ అని రాయలేదేం?

నేను: నిఘంటువు మాట అదే. కానీ తినే ఇళ్ళలో నేను విన్నది ‘పెద్దమాంసం’. తినేవాళ్ళ మాటకే నా ఓటు. అక్క కాయితం మీద అదే రాశాను. తిననివాళ్ళు మేకమాంసం వేసుకోండి, మగ్గడానికి దానికీ అభ్యంతరం లేదు.

రాజాం వారే మళ్ళీ: అంతా బాగుంది గానీ, మగ్గిందో లేదో చూడాలంటే మూత తీయాలి కదా?

నేను: అక్క కూడా అదే అడిగింది. "గాజుమూత కదే, పైనుంచి చూడు" అన్నాను. "ఆవిరి పట్టేసి ఏటీ కనబడదురా" అంది.