ఇంటి షెడ్డులో బండి టైరు మార్చడం: ట్యూబు మాటిమాటికీ ఎందుకు తెగుతోంది?

పెరటి షెడ్డు:
మిత్రులందరికీ నమస్కారం. నా దగ్గర పుల్లల చక్రాలూ ట్యూబు టైర్లూ ఉన్న పాత స్ప్లెండర్ ఉంది. దాని వెనుక టైరు, అంటే 2.75-18 కొలత గలది, అరుగుదల గుర్తుల మట్టానికి అరిగిపోయింది. మోటారు వాహన నియమాల ప్రకారం ద్విచక్ర వాహనాల టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు కాబట్టి, కొత్త టైరూ ట్యూబూ కొని ఇంట్లోనే మార్చడానికి పూనుకున్నాను. పాత టైరు ఊడదీయడం శ్రమ అయినా సాధ్యమైంది. కొత్త టైరు రెండో అంచును రిమ్ములోకి ఎక్కించేటప్పుడు మాత్రం చివరి జానెడు మేర ఎంతకీ లొంగలేదు. టైరు ఎక్కించే పొడవాటి ఇనుప లివరుతో బలంగా తిప్పితే ఎక్కింది గాని, గాలి కొట్టిన అయిదు నిమిషాలకే చక్రం చతికిలబడింది. విప్పి చూస్తే ట్యూబు మీద పక్కపక్కనే రెండు గాట్లు ఉన్నాయి. రెండో ట్యూబుకూ అదే గతి పట్టింది. నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో అనుభవజ్ఞులు చెప్పగలరు.

బుల్లెట్ పాతకాపు:
మీరు లివరు పెట్టిన చోట తప్పు లేదండీ, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న చోట ఉంది. టైరు అంచులో ఉక్కు తీగలు ఉంటాయి, కాబట్టి అది రబ్బరులా సాగదు. రిమ్ము మధ్యభాగం అంచులకంటే లోతుగా, కాలువలాగా ఉంటుంది. మీరు లివరు వేస్తున్న చోటికి ఎదురుగా ఉన్న టైరు అంచు ఆ కాలువలోకి దిగితేనే ఇటువైపు కావలసినంత వదులు వస్తుంది. అది దిగకుండా పైనే కూర్చుని ఉంటే, మీరు ఎంత బలం పెట్టినా ఆ బలమంతా ట్యూబు మీదే పడుతుంది. అందుకే నేను వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగిస్తాను. ఎక్కించిన భాగాన్ని రెండు మోకాళ్లతో నొక్కి కాలువలోనే పట్టి ఉంచుతాను. వాల్వు దగ్గర ట్యూబు అడ్డంగా ఉండటం వల్ల అక్కడ అంచు కాలువలోకి దిగదు కాబట్టి, ఆ చోటును చివరికి మిగుల్చుకోవడమే మేలు. చివరి పట్టుకు ముందు వాల్వును ఒకసారి లోపలికి నెట్టి వదిలితే, ట్యూబు అంచు కింద ఇరుక్కోకుండా తప్పుకుంటుంది.

ట్యూబును ఖాళీగా పెట్టకండి. గుండ్రంగా నిలిచేటంత గాలి మాత్రం పట్టి, ముఖానికి రాసుకునే పౌడరు చల్లి లోపల అమర్చండి; అప్పుడు మడతలు పడవు. అంచులకు సబ్బు నీళ్లు ధారాళంగా పూయండి. పెట్రోలు, ఇంజను ఆయిలు, గ్రీజు రబ్బరును పాడుచేస్తాయి కాబట్టి వాటిని దగ్గరికి రానీయవద్దు. లివరు పొట్టిదైతేనే మంచిది, ఎందుకంటే పొడవాటి లివరు చేతిలో ఉంటే ఎంత బలం పెడుతున్నామో మనకు తెలియదు. ఒక్కోసారి రెండు వేళ్ల వెడల్పు మాత్రమే ఎక్కించండి. లివరును నిలువుగా నిలబడే దాకానే తిప్పండి, అది దాటితే లోపలి మొన ట్యూబును గిల్లుతుంది. మీరు చూసిన ఆ జంట గాట్లు అలా పడినవే అయి ఉంటాయి. కొత్త టైరును అరగంట ఎండలో ఉంచితే మెత్తబడి చెప్పినట్లు వింటుంది. మన ఎండలకు ఈ పని అతి సులువు.

గాలి పూర్తిగా నింపాక ఒకసారి అంతా తీసేసి మళ్లీ నింపండి, లోపల ఎక్కడైనా ముడత ఉంటే సర్దుకుంటుంది. వాల్వు నట్టును రిమ్ముకు బిగించకుండా పైకి వాల్వు మూత వైపుకు తిప్పి ఉంచండి. ఎప్పుడైనా టైరు రిమ్ము మీద జరిగితే వాల్వు పక్కకు ఒరిగి కనిపిస్తుంది, మనకు అదొక హెచ్చరిక.

పల్సర్ ప్రయాణి:
నాది ట్యూబ్‌లెస్ టైరు, అల్లాయ్ చక్రం. దీనిలో ట్యూబు తెగే భయం లేదు గాని, రిమ్ముకు అతుక్కుపోయిన అంచును విడిపించడమే పెద్ద పని. నేను రెండు చెక్కముక్కలు అడ్డుపెట్టి బల్ల పట్టకారులో (బెంచ్ వైస్‌లో) కొద్దికొద్దిగా బిగిస్తూ విడిపించాను. రిమ్ము గీసుకుపోకుండా పాత ఆయిలు డబ్బాను ముక్కలుగా కోసి లివర్ల కింద పెట్టాను. మళ్లీ అంచును కూర్చోబెట్టాలంటే గాలి ఒక్కసారిగా జోరుగా వెళ్లాలి. కాలితో తొక్కే పంపుతో నాకు సాధ్యం కాలేదు. వాల్వు లోపలి పిన్ను తీసి కంప్రెసరుతో పట్టించాక రెండు వైపులా 'టప్' మని కూర్చుంది. చాలా టైర్ల పక్కభాగం మీద, అంచు కూర్చోవడానికి గాలి ఒత్తిడి 40 పి.ఎస్.ఐ. దాటించవద్దని రాసి ఉంటుంది. దానిని తప్పక పాటించండి. కూర్చోకపోతే గాలి తీసి, సబ్బు నీళ్లు మళ్లీ పూసి ప్రయత్నించండి గాని గాలి పెంచుకుంటూ పోకండి. కొందరు పెట్రోలు చల్లి నిప్పు అంటించి కూర్చోబెట్టే వీడియోలు పెడుతున్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. కంప్రెసరు లేనివారు చక్రం ఇంట్లో విప్పి, దానిని మాత్రం పంక్చరు షాపుకు తీసుకువెళ్లడమే ఉత్తమమని నా అభిప్రాయం.

నల్గొండ బాటసారి:
టైరు ఎక్కించడంతో పని అయిపోదు. చక్రం తిరిగి బిగించేటప్పుడు నేను చేసిన పొరపాటు ఇంకెవరూ చేయకూడదని రాస్తున్నాను. వెనుక డ్రమ్ బ్రేకు పళ్లేన్ని, వెనుక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్‌కు పట్టి ఉంచే ఒక కడ్డీ ఉంటుంది. రాత్రి పూట తొందరలో నేను దాని బోల్టు పెట్టడం మరిచిపోయాను. బ్రేకు వేసినప్పుడు లోపలి షూలు, అంటే రాపిడి పట్టీలు, డ్రమ్మును పట్టుకుంటాయి, తిరుగుతున్న డ్రమ్ము ఆ పళ్లేన్ని తనతోపాటు లాక్కుపోవాలని చూస్తుంది. దానిని ఆపేది ఆ ఒక్క కడ్డీయే. మరునాడు ఉదయం మా సందు మలుపులో బ్రేకు తొక్కగానే పళ్లెం గిర్రున తిరిగి, బ్రేకు రాడ్డు వంగి, చక్రం బిగుసుకుపోయింది. నెమ్మదిగా వెళుతున్నాను కాబట్టి కాలు ఆన్చి నిలబడ్డాను. అదే సంఘటన హైవే మీద జరిగి ఉంటే అని తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. అప్పటి నుంచి విప్పిన ప్రతి నట్టునూ విప్పిన వరుసలోనే ఒక స్టీలు పళ్లెంలో పేరుస్తున్నాను. ఆ పళ్లెం ఖాళీ అయ్యేవరకు బండి బయటికి తీయను. నట్లు ఊడకుండా దూర్చే స్ప్లిట్ పిన్నులు మాత్రం ప్రతిసారీ కొత్తవే వేస్తాను.

చైను బిగువును ఒక్క చోట చూసి ఊరుకోకండి. చైను అన్ని చోట్లా సమానంగా సాగదు కాబట్టి చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నింటికంటే బిగువుగా ఉన్న చోట సరిచేయాలి. చైను లింకు క్లిప్పు మూసి ఉన్న వైపు చైను నడిచే దిశకు ఉండాలి. డ్రమ్ములోని ధూళిని నోటితో గాని, గాలితో గాని ఊదకండి. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి తడిగుడ్డతో తుడవండి.

పల్సర్ ప్రయాణి:
డిస్కు బ్రేకు ఉన్నవారికి ఒక్క మాట. చక్రం బయట ఉన్నప్పుడు బ్రేకు లివరు నొక్కకండి, ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి డిస్కు మళ్లీ దూరదు. ఎవరైనా నొక్కుతారన్న అనుమానం ఉంటే ప్యాడ్ల మధ్య ఒక పలుచని చెక్కముక్క పెట్టండి.

పెరటి షెడ్డు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న మూడో ట్యూబుతో మళ్లీ ప్రయత్నించాను. టైరును ఎండలో పెట్టి, పౌడరు చల్లి, ఎదురు అంచును మోకాళ్లతో కాలువలోకి నొక్కి పట్టాను. గత వారం నన్ను అంత ఏడిపించిన ఆ చివరి జానెడు, చిన్న లివరుతో మూడు పట్లలోనే ఎక్కిందంటే నాకే నమ్మకం కలగలేదు. టైరు మీది బాణం గుర్తు చక్రం తిరిగే దిశకు ఉన్నదని బిగించే ముందు రెండు సార్లు చూసుకున్నాను. రాత్రి 28 పి.ఎస్.ఐ. పట్టి ఉంచితే ఉదయం కూడా అంతే ఉంది. వచ్చే ఆదివారం ముందు చక్రం పని పెట్టుకుంటున్నాను. దానిలో స్పీడోమీటరు కేబులు కూడా ఉంది. ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసినది ఏమైనా ఉన్నదా?

బుల్లెట్ పాతకాపు:
చాలా సంతోషమండీ. స్పీడోమీటరు గేరు చెవులు చక్రం హబ్బులోని గాడుల్లో సరిగ్గా కూర్చున్నాకే యాక్సిల్ (ఇరుసు) బిగించండి. కూర్చోకుండా బిగిస్తే ఆ చెవులు విరిగిపోతాయి. బిగించాక చక్రాన్ని చేత్తో తిప్పి, మీటరు ముల్లు కొంచెమైనా కదులుతున్నదో లేదో మరొకరిని చూడమనండి.