పాత పికప్ డ్యాష్‌బోర్డు పగులు: ఏం పూసినా నిలవడం లేదు

మాది చిత్తూరు. బండి 2007 మోడల్ టాటా 207. ఏళ్ల తరబడి నీడ లేకుండా ఎండలోనే నిలిపా, తప్పు నాదే. ముందు అద్దం కింద గాలి వచ్చే సందు నుంచి మీటర్ల పక్కదాకా 14 అంగుళాల పగులు. మధ్యలో రూపాయి బిళ్ల నిలువునా దిగిపోతుంది. ఒకటి దిగింది కూడా, ఇంకా లోపలే గలగలమంటోంది.

మొదట రెండు ట్యూబుల ఎపాక్సీ గమ్ము పట్టించి రాత్రంతా ఆరనిచ్చా. మూడో రోజు మధ్యాహ్నానికి అంచు వెంబడి పెచ్చులా లేచింది. తర్వాత గరుకు కాగితంతో రుద్ది, పగులు కొసన 3 మి.మీ. రంధ్రం వేసి, నల్ల సిలికాన్ నింపా. పగులు ముందుకు పాకడం ఆగింది గానీ, ఎండెక్కితే అంచులు పైకి లేచి సిలికాన్‌ని వదిలేస్తున్నాయి. పైన పరిచే కవర్ చెప్పకండి, అది దాస్తుందే గానీ గుంతల్లో కిర్రుమనే చప్పుడు పోదు.

తిరుపతిలో ఒకాయన బోర్డు విప్పి, వెనక ఇనుప జాలీని ప్లాస్టిక్‌లోకి కరిగించి అతికించి, పైన రెక్సిన్ వేస్తానన్నాడు. పాత బండి బోర్డు కొందామంటే, అదీ ఇదే ఎండకు కాగినదే కదా!

ఇలా జాలీ పెట్టించుకున్నవాళ్లకు అది మన వైపు ఎండల్లో రెండు వేసవులైనా నిలిచిందా?