కరెంటు పోయింది, కంట్రోల్ చేపల్లోనూ జీన్ తెగింది. ఇప్పుడేం చేయాలి?

చేపలోడు:
అన్నలూ, అక్కలూ, తిరుపతిలో జీబ్రాఫిష్ (ల్యాబుల్లో పెంచే చిన్న చేప) మీద పీహెచ్‌డీ చేస్తున్నా, రెండో ఏడాది. నేను చూస్తున్న జీన్‌ను పూర్తిగా తీసేస్తే చేపపిల్లలు గుండె దగ్గర నీరు చేరి వారంలోపే చచ్చిపోతాయి. పెద్ద చేపలో దాని పనేంటో చూడాలంటే కావలసినప్పుడు మాత్రమే తీయాలి. అందుకే జీన్‌కు అటూ ఇటూ లాక్స్‌పీ (ఎక్కడ కోయాలో చెప్పే చిన్న డీఎన్‌ఏ గుర్తు) పెట్టిన చేపలు, వేడి తగిలితే క్రీ (ఆ గుర్తుల మధ్య ముక్కను కోసి తీసేసే ఎంజైమ్) తయారుచేసే హెచ్‌ఎస్‌పీ70ఎల్ లైను తీసుకున్నా. రిపోర్టర్ (రంగుతో తెలిపే జీన్) కూడా ఉంది, క్రీ పనిచేస్తే ఆకుపచ్చ పోయి ఎరుపొస్తుంది.

మొన్న శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏసీ లేదు, ఇంక్యుబేటర్ తలుపు ఎవరో వారగా వదిలేశారు. అన్నం తిని వచ్చి డిష్‌లో థర్మామీటర్ పెడితే 37! ఉండాల్సింది 28.5. మే నెలలో మా ఊరి సంగతి తెలుసుగా. సోమవారం చూస్తే హీట్ షాక్ (కావాలని ఇచ్చే వేడి) ఇవ్వకుండా పోల్చడానికి ఉంచిన కంట్రోళ్లలోనూ ఎరుపు. కంట్లో బాగా, కండరాల్లో చుక్కలు చుక్కలుగా. ఇవి పనికొస్తాయా? సార్‌కు ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.

తలకోన:
కండరాల్లో ఎరుపున్నవి తీసేయ్ తమ్ముడూ. క్రీ కోసేది డీఎన్‌ఏనే. చల్లబడితే క్రీ ఆగుతుంది గానీ తెగిన ముక్క తిరిగి రాదు. కంటి సంగతి వేరు. ఆ హెచ్‌ఎస్‌పీ70ఎల్ ప్రమోటర్ (క్రీని ఆన్ చేసే డీఎన్‌ఏ స్విచ్) వేడి లేకున్నా లెన్స్‌లో దానంతటదే పనిచేస్తుంది. దానికి కరెంటోళ్లను తిట్టకు. ఇంకోటి, రెండు కాపీలకూ లాక్స్‌పీ ఉందా? ఒక్కదానికే ఉంటే రెండోది చక్కగా పనిచేస్తూ ఉంటుంది, నీకేమీ కనపడదు.

చేపలోడు:
ఒక్కదానికే అక్కా. రెండోది ముందే చెడిపోయిన కాపీ. ఒక కాపీ చెడినవి మామూలుగానే బతుకుతాయి, కాబట్టి కోయాల్సింది ఒక్కటే.

రేణిగుంట జంక్షన్:
అయితే సరే. కానీ ఈ ఎండల్లో హీట్ షాక్ లైను పెట్టుకోవడం నాకు నచ్చలేదు. క్రీ-ఈఆర్‌టీ2కి (మందుతో పనిచేసే క్రీ) మారు. 4-హైడ్రాక్సీ టామోక్సిఫెన్ అనే మందు పడితే తప్ప అది డీఎన్‌ఏ ఉండే న్యూక్లియస్‌లోకి పోదు. మందు పాతబడితే పట్టు తగ్గుతుంది, వాడేముందు 65 డిగ్రీల్లో పది నిమిషాలు వేడిచేస్తే మళ్లీ పనిచేస్తుంది. డిష్‌లకు ఫాయిల్ చుట్టి చీకట్లో పెట్టు. క్రీ లేని తోబుట్టువులకూ అదే మందు వేసి చూడు, లేకపోతే మందు చేసిందేదో, జీన్ చేసిందేదో తేలదు.

చేపలోడు:
ఇవాళ ఒక్కో పిల్లనూ చూసి వేరుచేశా. లెన్స్‌లో మాత్రమే ఎరుపున్నవి 11 మిగిలాయి. వాటి తోక కొసలు తీసి, జీన్ తెగిందో లేదో పీసీఆర్ (డీఎన్‌ఏ పరీక్ష) చేసి చూస్తా. సార్‌కు చెప్పేశాను. తలుపు వారగా వదిలిందెవరని అడిగారు. నేనే.